గోడలా నిలబడింది కదా అని గుంతలోకి దిగొద్దు

మొన్న మా పక్క మండలంలో మంచినీళ్ళ పైపు కోసం తీసిన కందకంలో మట్టి విరిగిపడి ఇద్దరు కూలీలు కూరుకుపోయారు. ఒకాయన్ని పైకి తీసేసరికే ప్రాణం పోయింది. కందకం లోతు ఏడడుగులట. వినేవాళ్ళకి ఏడడుగులేగా అనిపిస్తుంది.

కాలువలకి నీళ్ళు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లోనే మన గోదావరి డెల్టాలో తవ్వకాలన్నీ ఒక్కసారి మీద పడతాయి. కల్వర్టులు, పైపులైన్లు, డ్రైన్లు, పునాదులు, సెప్టిక్ ట్యాంకులు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలేలోపు పూడ్చెయ్యాలని అందరికీ తొందర. హెల్మెట్లు, బూట్ల సంగతి నేను చెప్పను, అవి మీకు తెలుసు. పైగా ఒక ఘనమీటరు తడి మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. అది మీద పడితే హెల్మెట్ చేసేదేం లేదు.

ఇరవై ఏళ్ళుగా సైట్ సూపర్‌వైజర్ పని చేస్తున్నాను. నేను చూసిన ప్రమాదాల్లో దాదాపు అన్నింటిలోనూ తప్పు ఒకటే: "పొద్దుట్నుంచి గోడలా నిలబడే ఉంది కదండీ" అని దిగడం.

నల్లరేగడి చేసే మోసమే అది. జేసీబీతో కోస్తే జున్నుముక్కలా నిటారుగా నిలుస్తుంది. ఇసుక అయితే అప్పుడే జారిపోతుంది కాబట్టి ఎవరూ నమ్మరు. రేగడిని నమ్ముతారు. కానీ పైన ఎండకి బిగుసుకున్న రేగడి, అడుగున ఊట తగిలి మెత్తబడుతూ ఉంటుంది. చాలాచోట్ల దాని కింద ఇసుక పొర కూడా ఉంటుంది. ఊటతో పాటు ఆ ఇసుక గుంతలోకి జారితే పైన గోడకి ఆధారం పోయినట్టే. అప్పుడిక మట్టి రాలదు, పలకలా విరిగి మొత్తం ఒక్కసారే వస్తుంది.

రెండేళ్ళ కిందట నా సైట్లో భోజనాలకి అందరూ పైకి వచ్చేశారు. తాపీ మేస్త్రి రసమట్టం కింద మర్చిపోయాడు. "ఆగు బాబాయ్, కర్రతో లాగుదాం" అన్నాను. "ఆయ్, ఒక్క నిమిషమేనండి" అంటూ దిగాడు. రసమట్టం అందుకుని దాని అద్దం మీద మట్టిని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఎడమవైపు గోడ వచ్చి ఛాతీ దాకా కప్పేసింది. తల పైనే ఉంది, కానీ మాట రావడం లేదు. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుసుకుంటుంది, మళ్ళీ పీల్చనివ్వదు. బతికాడు గానీ పక్కటెముకలు విరిగాయి, తాపీ పని మానేశాడు. సర్వి (సరుగుడు) బాదులు సైట్లోనే పడున్నాయి, గోడలు విరిగి పడకుండా వాటితో దన్ను పెట్టించలేదు. ఆ తప్పు నాది.

ఇక లోతు సంగతి. మీటరున్నర, అంటే సుమారు అయిదడుగులు దాటితే దన్ను లేకుండా దిగొద్దు. తవ్వకాల భద్రత మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 3764 చెప్పేదీ అదే లోతు. ఊట కనిపిస్తే అంతకంటే తక్కువ లోతులో కూడా దన్ను పెట్టండి. స్థలం ఉంటే గోడల్ని వాలుగా తియ్యొచ్చు, కానీ మన తడి నేలలో అడుగు లోతుకి అడుగున్నర చొప్పున రెండు పక్కలా వదలాలి. ఊరి వీధిలో అంత చోటెక్కడిది? కాబట్టి పలకలు, అడ్డ బాదులే గతి. దన్ను పైనుంచి కిందికి పెట్టుకుంటూ దిగాలి, తీసేటప్పుడు కిందినుంచి పైకి తీసుకుంటూ రావాలి.

తీసిన మట్టిని అంచు మీదే కుప్ప పొయ్యొద్దు. కనీసం మీటరున్నర, లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం ఉండాలి.

నెర్రెల దగ్గర మనవాళ్ళు బాగా పొరబడతారు. వేసవిలో రేగడికి నెర్రెలు మామూలే కదా అని చూసి వదిలేస్తారు. ఎండ నెర్రెలు వలలా అన్ని వైపులకీ పోతాయి. గుంత అంచు వెంబడి, కాస్త దూరంలో ఒకే గీతలా సాగిందంటే అది ఎండ నెర్రె కాదు. వెంట్రుకంత ఉన్నా సరే, అందరూ పైకి వచ్చెయ్యాలి.

మోటారు తోడే నీళ్ళు దోసిట్లో పట్టి చూడండి. అడుగున ఇసుక మిగిలితే గోడ కింద డొల్ల పడుతోందన్నమాట. తోడటం ఆపి, మనుషుల్ని బయటికి పంపండి.

డీజిల్ ఇంజను గుంతలోకి దింపొద్దు, దాని పొగ అడుగునే ఉండిపోయి మనిషిని చంపుతుంది. పాత పైపులైను పూడ్చిన చోటు పక్కన తవ్వుతుంటే దన్ను తప్పదు, ఒకసారి కదిలిన మట్టి మళ్ళీ అంత గట్టిపడదు. కొబ్బరి చెట్టు, కరెంటు స్తంభం, ప్రహరీ అంచున ఉంటే ముందు వాటికి ఆధారం చూడండి. ట్రాక్టర్లని అంచుకి రానివ్వొద్దు. కింద పని చేసేవాళ్ళకి నిచ్చెన పాతికడుగుల దూరం లోపే ఉండాలి. వాన పడిన మర్నాడు దన్ను చూడకుండా ఎవరూ దిగొద్దు. ఒంటరిగా అసలే దిగొద్దు. మనిషి కూరుకుపోతే ఇంకో మనిషి దూకొద్దు, రెండో గోడ కూడా వస్తుంది. జేసీబీతో తియ్యొద్దు. ఇంజన్లు ఆపి, 108కి ఫోన్ చేసి, మిగతా గోడకి దన్ను పెట్టి చేతులతో తియ్యండి. పార మర్చిపోయాడా, పోనివ్వండి. సెల్‌ఫోన్ పడిందా, పోనివ్వండి. పొద్దుట్నుంచి నిలబడే ఉందంటాడు, వినొద్దు. కాలువకి నీళ్ళు వదిలారని తెలిసిన రోజు గుంత ఇంకా తెరిచే ఉంటే, పని ఎంత మిగిలినా మనుషుల్ని పైకి పిలిచెయ్యండి.