బాలి కోతితో బేరం: కళ్ళజోడు పోకుండా ఉలువాటు చూసి రావడం ఎలా

బాలికి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళకి ముందే ఒక మాట. "తిరుమల మెట్ల దారిలో చూడని కోతులా, శ్రీశైలంలో చూడని కోతులా" అనుకుంటూ ఉలువాటు గుడికి వెళ్ళకండి. మా బాబాయి సరిగ్గా ఆ మాటే అని, లోపల అడుగుపెట్టిన పది నిమిషాల్లో కళ్ళజోడు పోగొట్టుకున్నాడు. మన దగ్గర కోతి చూపు చేతిలో ఉన్న అరటిపండు మీద ఉంటుంది. ఉలువాటు కోతి అరటిపండు సంపాదించాలంటే ముందు మీ కళ్ళజోడు లాగాలి, తేడా అంతా అక్కడే.

ఉలువాటు బాలి దక్షిణపు కొసన, సముద్రానికి దాదాపు 70 మీటర్ల ఎత్తులో, కొండ అంచున ఉన్న గుడి. అక్కడి పొడవు తోక కోతులు వస్తువు లాక్కుపోయి, తినడానికి ఏదైనా ఇస్తే తప్ప వదలవు. దీని మీద పరిశోధకులు 2021లో ఒక అధ్యయనమే ప్రచురించారు. మనుషులు ఏ వస్తువు కోసం ఎక్కువ కంగారుపడతారో పెద్ద కోతులకి బాగా తెలుసట, ఫోన్లు, కళ్ళజోళ్ళ లాంటివి ఏరి మరీ పట్టుకుని, మంచి తిండి దొరికేదాకా బేరం తెగనివ్వవట. పిల్ల కోతులకి ఈ లెక్క రాదు, పెద్దవాటిని చూసి మెల్లగా నేర్చుకుంటాయి. మీ దగ్గర ఖాళీ కవరు లాక్కుని పారిపోయిందంటే అది ఇంకా అప్రెంటిస్ అన్నమాట.

కాబట్టి గేటు దాటకముందే సర్దుకోండి. కూలింగ్ గ్లాసులు, టోపీ, చెవి రింగులు, తల క్లిప్పులు అన్నీ జిప్ ఉన్న బ్యాగులో పడెయ్యండి, బ్యాగు వీపుకి కాదు, పొట్ట మీదకి తగిలించుకోండి. వీపు మీద బ్యాగు జిప్పు తియ్యడం వాటికి నిమిషం పని. హవాయి చెప్పులు వద్దు, కాలికి ఉండగానే లాగేస్తాయి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. నిక్కరు వేసుకెళ్తే లోపలికి వెళ్ళేముందు సరోంగ్ (లుంగీ లాంటి బట్ట) కట్టుకోమంటారు, ఒకందుకు అది మంచిదే, జేబులు దాని కింద దాక్కుంటాయి. పవర్ కళ్ళజోడు వాళ్ళదే అసలు కష్టం. అలవాటుంటే ఆ పూటకి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోండి, లేదా కోతులు కనిపించిన చోటల్లా కళ్ళజోడు తీసి లోపల పెట్టి, మెట్లు వస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. సెల్ఫీ కోసం గోడ అంచున ఫోను చాపి నిలబడేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, కోతే చెబుతుంది.

ఇంకొకటి, మనవాళ్ళకి ప్రత్యేకంగా. ఆంజనేయస్వామి అంటూ దండం పెట్టి చేతిలో పండు పెట్టకండి. ఒకదానికి ఇస్తే వెనక పది దిగుతాయి. కళ్ళలోకి గుచ్చి చూడొద్దు, పళ్ళు ఇకిలించొద్దు, వాటి భాషలో అది నవ్వు కాదు.

ఇన్ని చేసినా పోతే? వెంటపడకండి. మా బాబాయి చేసిన తప్పు అదే. కోతి పిట్టగోడ మీద కూర్చుని కళ్ళజోడు కొస నోట్లో పెట్టుకుని నములుతోంది, ఈయన "ఒరేయ్, నా కళ్ళజోడురా!" అంటూ దూకబోయాడు, అది గోడకి అవతల అంచుకి జరిగింది. పిన్ని చొక్కా పట్టుకు లాగి, "ఏమండీ, అటు సముద్రం! ఆగండి" అని అరిచింది. ఇంతలో అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ చిన్న సంచీలో పళ్ళు పట్టుకుని తాపీగా వచ్చింది. ముందు ఒక చిన్న ముక్క విసిరింది. కోతి దాని వంక చూసి మొహం తిప్పేసుకుంది. తర్వాత ఒక రంబుటాన్ (లిచీ లాంటి పండు) విసిరితే ఎడం చేత్తో పట్టుకుంది గానీ కుడి చేతిలో కళ్ళజోడు అలాగే ఉంది. ఇంకోటి విసిరాక, పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి కదా, అప్పుడు వదిలింది. కొస మీద పంటి గాట్లు పడ్డాయి, అద్దాలు మాత్రం బాగానే ఉన్నాయి. ఆవిడకి మేం 50,000 రుపియాలు (ఇండోనేషియా డబ్బు) ఇచ్చాం, మన డబ్బుల్లో మూడొందల లోపే. అంత మాత్రం ఇవ్వండి, వాళ్ళ పని తేలికైంది కాదు.

వస్తువు పోయినా పర్లేదు గానీ, కరిచినా రక్కినా మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. చిన్న గీత పడినా వెంటనే సబ్బు పెట్టి, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏవీ అద్దొద్దు. తిన్నగా క్లినిక్‌కి వెళ్ళి, కరిచింది కోతి అని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే ఈ జాతి కోతుల నుంచి హెర్పిస్ బి అనే వైరస్ కూడా రావచ్చు, అరుదే అయినా డాక్టర్ దాని సంగతి కూడా చూడాలి. రేబిస్ టీకా మొదటి డోసు అక్కడే వేయించుకోండి, ఇండియా వచ్చాక చూద్దాంలే అనొద్దు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి, అది ప్రతి క్లినిక్‌లో దొరకదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. ఏ రోజు ఏ మందు ఇచ్చారో కాగితం తీసుకుంటే మిగతా డోసులు ఇక్కడ పూర్తి చేయించుకోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో జంతువు కాటు ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోండి.

ఇదంతా చదివి ఉలువాటు మానేయకండి. సాయంత్రం అక్కడ జరిగే కెచక్ అనే రామాయణ నృత్యం చూడాల్సిందే. మగవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని "చక్ చక్ చక్" అంటూ వానరసేన అవుతారు, మధ్యలో హనుమంతుడు మంటల్లోంచి దూకుతాడు, కథ మనకి తెలిసిందే కాబట్టి భాష రాకపోయినా ఇబ్బంది లేదు. కూర్చున్నాక కూడా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకోండి.

బాలిలోనే ఉన్న ఉబుద్ ఊరి కోతుల అడవిలో అయితే ఇంత టెన్షన్ ఉండదు, సిబ్బంది తిరుగుతూ ఉంటారు, తిండి, ప్లాస్టిక్ కవర్లు లోపలికి తీసుకెళ్ళకపోతే చాలావరకు వాటి మానాన అవి ఉంటాయి. మర్నాడు అక్కడికి వెళ్ళాం. బాబాయి గేటు దగ్గరే కళ్ళజోడు తీసి లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టేసుకున్నాడు. గంటసేపు తిరిగి బయటికొచ్చాక, "కోతులు ఎలా ఉన్నాయి బాబాయ్?" అంటే, "ఏమోరా, ఒక్కటీ సరిగ్గా కనపళ్ళేదు" అన్నాడు.