హీట్ పంప్ డ్రయ్యర్ కొనేముందు

మ్యూనిక్‌లో మా ఫ్లాటుకు బాల్కనీ లేదు. చలికాలమంతా తడిబట్టలు హీటర్ల మీదే ఉండేవి. రెండేళ్ల క్రితం హీట్ పంప్ డ్రయ్యర్ కొన్నాం. ఇది వేడిగాలిని బయటికి వదలదు. తేమను నీరుగా మార్చి, అదే గాలిని మళ్లీ వేడిచేసి తిప్పుతుంది. అందుకే పాత రకంతో పోలిస్తే కరెంటు ఇంచుమించు సగమే. గోడకు గొట్టం అక్కర్లేదు.

ఓపిక మాత్రం కావాలి. తువ్వాళ్లు, జీన్స్ ఆరేసరికి మాకు రెండున్నర గంటలు. చల్లటి సెల్లార్‌లో పెడితే ఇంకా ఆలస్యం. ధర కూడా ఎక్కువే.

ఇంటికి తేగానే ఆన్ చేయకండి; కొన్ని గంటలు నిలువుగా ఉంచితే కంప్రెసర్ నూనె కుదురుకుంటుంది. ప్రతిసారీ జల్లెడలోని నూగు తీయాలి, నీళ్ల తొట్టి ఒంపాలి. ఒకసారి మాది మొరాయిస్తే కింది మూత తీసి చూశాను: గాలి సాగిపోయే పలుచటి లోహపు రేకుల మధ్య బూడిదరంగు నూగు, చిన్న దుప్పటంత! మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికే తుడవండి. రేకులు వంగితే గాలి ఆడదు.