ఎండాకాలం షూటింగ్‌లో గ్యాస్ పిస్టల్: స్లైడ్ ఆగితే ఏం చూడాలి

నల్లగొండ, దేవరకొండ వైపు షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలకు వేసవి సెలవులే సీజన్. గ్యాస్ బ్లోబ్యాక్ ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ (గ్యాస్ ఒత్తిడితో చిన్న ప్లాస్టిక్ గుళ్లు పేల్చే నకిలీ తుపాకీ) అయితే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా స్లైడ్, అంటే పైనుండే కదిలే భాగం, వెనక్కి వెళ్లి వస్తుంది, కెమెరాలో బాగుంటుంది. సరిగ్గా టేక్ టైంలోనే అది మొరాయిస్తుంది. వెంటనే ఎవరో ఒకరు ‘గ్యాస్ అయిపోయినట్టుంది, ఇంకాస్త కొట్టు’ అంటారు. మన ఎండల్లో వినకూడని సలహా అది.

వీటిలో ఎక్కువగా వాడే గ్రీన్ గ్యాస్ అంటే చాలావరకు ప్రొపేనే. 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి దాదాపు 8 బార్లు, 40 డిగ్రీలకు 14 బార్ల దాకా పోతుంది. గుట్ట మీద బండపై పెట్టిన మ్యాగజైన్ (గ్యాస్, గుళ్లు నింపి పిడిలో దూర్చే భాగం) అంతకన్నా వేడెక్కుతుంది. లోపల అంత ఒత్తిడి ఉంటే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు కొట్టే హ్యామర్ దెబ్బకు గ్యాస్ వదిలే వాల్వ్ తెరుచుకోకపోవచ్చు. టిక్కుమంటుంది, స్లైడ్ కదలదు. అచ్చం గ్యాస్ లేనట్టే ఉంటుంది! మ్యాగజైన్ తీసి నీడలో పెట్టి, చల్లబడ్డాక మళ్లీ చూడండి. చాలాసార్లు అంతే సరిపోతుంది.

ప్లాస్టిక్ స్లైడ్ ఉన్న పిస్టల్‌కు వేసవిలో గ్రీన్ గ్యాస్ అసలు వద్దు, స్లైడ్ పగలొచ్చు. ఒత్తిడి తక్కువుండే 134ఏ అనే గ్యాసే 40 డిగ్రీల దగ్గర దాదాపు 10 బార్లు ఇస్తుంది, అది చాలు. ఏ గ్యాసైనా మ్యాగజైన్ నిండా పట్టించకండి, లోపల కొంత ఖాళీ ఉండాలి. ఇంట్లో వంట గ్యాస్ ఎక్కించే తెలివి మాత్రం ఎవరూ చూపించొద్దు.

నీడలో పెట్టినా స్లైడ్ సగమే వస్తోందా? మ్యాగజైన్ తీసేయండి, బ్యారెల్‌లో బీబీ (ప్లాస్టిక్ గుండు) మిగల్లేదని చూసుకోండి, మూతి కాస్త పైకెత్తి స్లైడ్‌ను చేత్తో మెల్లగా లాగి వదలండి. దానంతటదే ముందుకు రావాలి. మధ్యలో గరగరమంటే స్లైడ్ జారే పట్టాల్లో ఎర్రదుమ్ము చేరినట్టు. చివర్లో కొద్దిగా ఆగిపోతే రిటర్న్ స్ప్రింగ్ అలిసిపోయి ఉంటుంది, లేదా బీబీ ఇరుక్కుని ఉంటుంది. చేత్తో సాఫీగా ఆడి, కాలిస్తేనే ఆగుతుంటే తప్పు గ్యాస్ వైపు ఉంది: పిస్టన్ మీది ఓ-రింగ్ (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) ఎండిపోవడమో, మ్యాగజైన్ రబ్బరు లీకవడమో. మొదట బాగా ఆడి, వరసగా కాల్చాక నెమ్మదిస్తే మ్యాగజైన్ చల్లబడింది, కాస్త గ్యాప్ ఇవ్వండి. బీబీలు ఉండగానే స్లైడ్ వెనక ఆగిపోతే ముందు మీ బొటనవేలు స్లైడ్ క్యాచ్‌కు (స్లైడ్‌ను వెనక ఆపే చిన్న మీటకు) తగులుతోందేమో చూడండి.

నూనె విషయంలో మనవాళ్లు మహా ఉదారులు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, ఏది దొరికితే అది. అవన్నీ వద్దు, సిలికాన్ ఆయిల్ ఒక్కటే. ఓ-రింగ్‌కు ఒక చుక్క, పట్టాలకు పల్చగా. ఎక్కువైతే దుమ్ముతో కలిసి ముద్దవుతుంది.

కాల్చేవాళ్లు, ఎదురుగా ఉండేవాళ్లు, కెమెరా పట్టుకున్నవాళ్లు అందరూ కళ్లకు ఎయిర్‌సాఫ్ట్ అద్దాలు పెట్టుకోవాలి. మామూలు చలువద్దాలు పనికిరావు. దూరం నుంచి చూస్తే అది అసలు తుపాకీయే, కాబట్టి షూటింగ్ సంగతి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. నడుముకు పెట్టుకుని బైక్ మీద తిరగకండి. గ్యాస్ డబ్బాను బైక్ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదలకండి. గ్యాస్ పట్టించేటప్పుడు పక్కన బీడీ కూడా వెలగకూడదు. పని అయ్యాక మ్యాగజైన్‌లో కొద్దిగా గ్యాస్ ఉంచి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.