ఇంగ్లీషులో దిక్కులు చెప్పే మాటలు – 7: బ్యాక్ (రెండో భాగం)

పోయిన పాఠంలో 'గో బ్యాక్ హోమ్'లో 'టు' రాదన్నాను. చాలామంది 'టు'ని ఊళ్ళోంచే తరిమేశారు! 'వెంట్ బ్యాక్ ఆఫీస్', 'కేమ్ బ్యాక్ గుంటూరు' అని రాశారు. అక్కడ 'టు'ని తీసేసింది బ్యాక్ కాదు, హోమ్. హోమ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్: ఈ మాటల్లో 'కి' ముందే ఉంది. మిగతావాటికి 'టు' పెట్టాల్సిందే: 'బ్యాక్ టు గుంటూరు', 'బ్యాక్ టు ది ఆఫీస్'. హోమ్‌కి 'మై' తగిలిస్తే 'టు' మళ్ళీ వస్తుంది: 'బ్యాక్ టు మై హోమ్'.

'రిటర్న్ బ్యాక్'లో బ్యాక్ దండగ, కొట్టేయండి. 'గివ్ బ్యాక్ ద బుక్', 'గివ్ ద బుక్ బ్యాక్' రెండూ సరైనవే. బుక్ బదులు 'ఇట్' వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: 'గివ్ ఇట్ బ్యాక్'. 'టూ ఇయర్స్ బ్యాక్' మాటల్లో నడుస్తుంది; రాసేటప్పుడు నా ఓటు 'అగో'కే.

ఇక అసలు తిరకాసు, టైము. 3 గంటల మీటింగుని 'పుష్డ్ బ్యాక్ ఎన్ అవర్' అంటే 4కి జరిగింది. 3 చూపే గడియారాన్ని 'పుట్ బ్యాక్ ఎన్ అవర్' అంటే 2 చూపిస్తుంది. మాట ఒకటే, ఫలితం తలకిందులు. ఎందుకంటే మీటింగు ఇంకా రాలేదు; మన ఎదుట ఉన్నదాన్ని మననుంచి ఇంకా దూరం నెడుతున్నాం. గడియారం ముల్లు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 కాగానే గడియారం 1కి పోయేది ఇలాగే. అందుకే న్యూయార్క్‌తో మనకున్న తొమ్మిదిన్నర గంటల తేడా ఆ రోజునుంచి పదిన్నర అవుతుంది.

మీటింగుని ముందే పెట్టుకుంటే 'బ్రింగ్ ఫార్వర్డ్'. అమెరికావాళ్ళు 'మూవ్ అప్' అనీ అంటారు. 'ప్రీపోన్' మన దేశం దాటితే అందరికీ అర్థం కాదు. 'మూవ్ ఫార్వర్డ్' జోలికి అసలు పోకండి. మన 'ముందుకి జరిపారు' లాగే వినేవాళ్ళలో కొందరికి త్వరగా అనీ, కొందరికి ఆలస్యంగా అనీ తోస్తుంది. నేనైతే ఈ గొడవంతా మానేసి కొత్త టైమే రాసేస్తాను: 'మూవ్డ్ టు 4 పీఎం'.

అభ్యాసం: న్యూయార్క్‌లో సోమవారం ఉదయం 10కి మీటింగు. దాన్ని 'పుష్డ్ బ్యాక్ టూ అవర్స్' అన్నారు, తర్వాత 'బ్రాట్ ఫార్వర్డ్ థర్టీ మినిట్స్' అన్నారు. ముందురోజే అక్కడ 'క్లాక్స్ వెంట్ బ్యాక్'. హైదరాబాద్‌లో మీరు ఎన్నింటికి కూర్చోవాలి? రాత్రి 10 రాకపోతే మూడో పేరా మళ్ళీ చదవండి. వచ్చినవాళ్ళు ఇదే సంగతి 'బ్యాక్' వాడకుండా ఆరు ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి.