అణు వ్యర్థాల నిల్వకు స్థలం అడిగితే: స్థానికులు సమ్మతిని ఎలా నిర్ణయించుకోవాలి

అణు వ్యర్థాల నిల్వ కేంద్రాన్ని మీ ప్రాంతంలో నిర్మిస్తామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఒప్పుకోవాలా వద్దా అన్న చర్చకు ముందే, కాదనే హక్కు చట్టప్రకారం మీకు ఉందో లేదో, ఉంటే ఏ దశ వరకు ఉంటుందో తేల్చుకోండి. ఫిన్లాండ్‌లో స్థానిక మున్సిపాలిటీ అంగీకరించనిదే ప్రభుత్వం ముందుకు వెళ్లలేదు. యురయోకి మున్సిపాలిటీ కౌన్సిల్ 2000లో ఒప్పుకున్నాక, మరుసటి ఏడాది పార్లమెంటు ఆమోదం తెలిపింది. అమెరికాలో యుక్కా పర్వతం వద్ద అణు వ్యర్థాల నిల్వ ప్రాజెక్టును నెవాడా గవర్నర్ 2002లో తిరస్కరించగా, కాంగ్రెస్ ఆ తిరస్కారాన్ని తోసిపుచ్చింది. అంత చేసినా అక్కడ వ్యర్థాల నిల్వ మొదలే కాలేదు.

తర్వాత, ఏ వ్యర్థాలు వస్తాయో రాతపూర్వకంగా అడగండి. రియాక్టర్లలో వాడిన చేతి తొడుగులు, ఫిల్టర్ల వంటి తక్కువ స్థాయి వ్యర్థాలకూ, వాడేసిన ఇంధనానికీ పోలికే లేదు. ఆ ఇంధనంలో ఉండే ప్లుటోనియం-239 అనే రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికే దాదాపు 24,000 ఏళ్లు పడుతుంది. ‘తాత్కాలికం’ అన్న మాట వినిపిస్తే, వ్యర్థాలను ఏ తేదీలోగా, ఎక్కడికి తరలిస్తారో కూడా అడగాలి.

‘స్థానికులు’ ఎవరన్నది ముందే నిర్ణయించుకోకపోతే చివర్లో చిక్కు వస్తుంది. ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో 2013లో కోప్లాండ్, అలర్‌డేల్ బరోలు (దిగువ స్థాయి స్థానిక సంస్థలు) సరేనన్నా, వాటికి పైనుండే కౌంటీ కౌన్సిల్ కాదనడంతో ప్రక్రియ అక్కడే ఆగిపోయింది. కెనడాలో ఇగ్నస్ పట్టణంతో పాటు వాబిగూన్ లేక్ ఓజిబ్వే నేషన్ అనే ఆదివాసీ సమాజం కూడా సుముఖత తెలిపాకనే 2024లో స్థలాన్ని ఎంపిక చేశారు. వ్యర్థాలు రవాణా అయ్యే దారిలోని ఊళ్లనూ, అదే భూగర్భజలంపై ఆధారపడేవారినీ లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది దశలవారీ సమ్మతి. సర్వేకు ఇచ్చిన అనుమతి నిల్వకు ఇచ్చిన అనుమతి కాదని ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి. ప్రాథమిక అధ్యయనం, లోతైన తవ్వకాలు, నిర్మాణం, ఒక్కొక్కదానికీ విడిగా మళ్లీ అడగాలి. ఏ తేదీ దాటితే వైదొలగడం కుదరదో అందరికీ తెలియాలి. స్వీడన్‌లో స్టోరుమన్ మున్సిపాలిటీ 1995లో, మాలో అనే మున్సిపాలిటీ 1997లో ఓటింగ్ జరిపి తదుపరి పరిశోధనలు వద్దన్నాయి. ప్రాజెక్టు సంస్థ అక్కడినుంచి వెళ్లిపోయింది. అలా వెళ్లిపోతారన్న నమ్మకం లేనిచోట మొదటి సర్వేకు కూడా ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రాజెక్టు సంస్థ నివేదికలను పరిశీలించడానికి మీ సొంత నిపుణులు అవసరం. స్వీడన్‌లో మున్సిపాలిటీల ఇలాంటి ఖర్చులను అణు వ్యర్థాల నిధి భరించింది. ఈ డబ్బు అభివృద్ధి నిధులతో కలిసిపోకూడదు, ఫలితం ఏదైనా తిరిగి చెల్లించనక్కరలేదన్న షరతు ఉండాలి.

పరిహారం మాట భద్రతపై చర్చ ముగిశాకనే రావాలి. దక్షిణ కొరియాలోని బువాన్‌లో 2003లో స్థానిక పాలనాధిపతి ప్రజలను అడగకుండా నిల్వ కేంద్రానికి దరఖాస్తు చేయడంతో తీవ్ర ఆందోళనలు చెలరేగాయి. అదే దేశంలోని గ్యోంగ్జు ప్రజలు 2005లో తక్కువ, మధ్య స్థాయి వ్యర్థాల కేంద్రానికి ఓటింగ్‌లో 89.5 శాతంతో ఒప్పుకున్నారు. అక్కడ 30,000 కోట్ల వోన్ల సాయమే కాక, వాడేసిన ఇంధన కేంద్రాన్ని అదే ప్రాంతంలో పెట్టరాదన్న నిబంధన కూడా చట్టంలోనే ఉంది. మీరు బేరమాడవలసింది ముఖ్యంగా ఆ రెండో రకం హామీ కోసం.