లేత జొన్నతో నాము ప్రమాదం

అనంతపురం మెట్ట పొలాల్లో వానలు వెనక్కిపోయి గిడసబారిన జొన్న, ఒక్క పదును పడగానే మళ్ళీ పచ్చగా చిగురిస్తుంది. పశువులు ఆబగా మేసేవి ఆ లేత పిలకలనే, నాము అనే విషబాధను కలిగించే హైడ్రోసయానిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేదీ వాటిలోనే. కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకలకూ ఇదే వర్తిస్తుంది. కనుక పైరు పూతకు వచ్చేదాకా పశువులను అందులోకి వదలవద్దు. ముఖ్యంగా ఆకలిగొన్న మందను ఆ చేని గట్టు వెంబడి తోలుకుపోకుండా, ముందే ఇంటివద్ద కాస్త ఎండుమేత వేయడం మంచిది. మేసిన కొద్ది నిమిషాలకే పశువు నోట నురగ కారుస్తూ, వణుకుతూ, ఆయాసపడుతూ, చిగుళ్ళు ఎర్రగా కనిపిస్తే, నాము తగిలిందని గుర్తించి, ఉబ్బరమని నూనె తాగిస్తూ కాలయాపన చేయక వెంటనే పశువైద్య అత్యవసర సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. ఏం మేసిందో కూడా చెబితే, వైద్యులు విరుగుడు మందైన సోడియం థయోసల్ఫేట్ సిద్ధం చేసుకుని వస్తారు.