ఇంకెన్ని ఆవకాయలు? టైమ్ తక్కువున్నప్పుడు ఏది ముందో తేల్చుకునే పద్ధతి

పోయినేడు మే నెలలో ఆవకాయ పెట్టే టైమ్‌కి ఊరెళ్లలేదు, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు, కాయకి కొదవ లేదు, కాయలు అమ్మే ఏరి, ముక్కలు కొట్టించి, కలిపి, మూడోరోజు తిరగగలిపి, చిన్న జాడీలో సర్ది బస్సులో పార్శిల్ వేయించింది. ఆ జాడీ మూత తీసి మొదటి ముద్ద కలుపుకుంటుంటే ఎందుకో లెక్క తట్టింది. అమ్మకి 70, మోకాళ్లు ఇలాగే సహకరిస్తే ఇంకో పదేళ్లు కూర్చుని కలపగలదనుకుందాం, అంటే ఇంకో పది ఆవకాయలు, అంతే. ఎంత డబ్బు పెట్టినా మే నెల ఏడాదికి రెండుసార్లు రాదు కదా. అందులో ఒకటి రిలీజ్‌కి ఇచ్చేశా. ఆ రిలీజ్ రెండు వారాలు వాయిదా పడింది, అది వేరే సంగతి.

అప్పట్నుంచి ఒక పద్ధతి పట్టుకున్నా, ఏడాదిగా వాడుతున్నా, కొన్నిచోట్ల పనిచేసింది కొన్నిచోట్ల బోల్తా కొట్టా, రెండూ చెప్తా. కావాల్సింది ఒక కాగితం, పెన్ను, ఒక గంట. ఫోన్‌లో చెయ్యొద్దు, మధ్యలో నోటిఫికేషన్ వస్తే ఆ గంట కూడా పోతుంది.

ముందు లెక్క వేసుకోవాలి. సంవత్సరాల్లో వేస్తే పని జరగదు, ఎందుకంటే "వచ్చే ఏడాది చూద్దాం" అనడం మనకి మహా ఈజీ. రోజుల్లో వేస్తే మరీ పెద్ద నంబర్ వచ్చి బోలెడుందిలే అనిపిస్తుంది. పున్నముల్లో వెయ్యండి. మన పెద్దవాళ్లకి సహస్ర చంద్ర దర్శనం చేస్తారు చూడండి, వెయ్యి పున్నములు చూసినందుకు, పున్నమికీ పున్నమికీ మధ్య 29న్నర రోజులు కాబట్టి వెయ్యి అంటే సుమారు 80 ఏళ్ల 10 నెలలు. నాకు 41, అంటే దాదాపు 507 అయిపోయాయి. వెయ్యీ చూస్తాననుకుంటే 493 మిగిలాయి, సగం దాటేశానన్నమాట. మన దేశంలో సగటు ఆయుర్దాయం 70 చుట్టూ ఉంది, ఆ లెక్కన వేస్తే 359. కాగితం మీద ఈ రెండు నంబర్లూ రాసి పక్కన పెట్టుకోండి, దిగులు పడక్కర్లేదు, అసలు దిగులు తర్వాతి లెక్కలో ఉంది.

ఎందుకంటే మన ఆయుష్షు లెక్క ఒక్కటే వేసుకుంటే తప్పుదారి పడతాం. నాకు 359 పున్నములున్నా అమ్మతో అన్ని లేవు కదా. కాబట్టి ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క పనికీ విడిగా "ఇంకెన్నిసార్లు" అని రాయాలి. నేను ఏడాదికి నాలుగుసార్లు ఊరెళ్తా, వెళ్లినప్పుడల్లా రెండ్రోజులు, పదేళ్లకి 80 రోజులు, మూడు నెలలు కూడా లేవు, అందులో సగం నిద్ర, కొంత చుట్టాల పలకరింపులు. చెల్లి డల్లాస్‌లో ఉంటుంది, రెండేళ్లకోసారి మూడు వారాలకి వస్తుంది, వచ్చిన వారం జెట్‌లాగ్, ఆ తర్వాత వారం అత్తగారిల్లు. పదేళ్లలో మేం ముగ్గురం ఒక గదిలో కూర్చునేది ఐదు వారాలు. మావాడికి పదేళ్లు. పిల్లలు 18 దాకా ఇంట్లో ఉంటారని లెక్కేస్తారు చాలామంది, మన దగ్గర అలా వెయ్యకూడదు, టెన్త్ అవ్వగానే ఇంటర్ హాస్టల్‌లో పడేసే ఊళ్లు మనవి. కాబట్టి నా చేతిలో ఉన్నది ఐదు వేసవి సెలవులు. ఇంటర్‌కి హాస్టల్ అవసరమా అన్నది మా ఇంట్లో నడుస్తున్న గొడవ, ఇక్కడ వద్దులెండి.

ఇప్పుడు మీరు చెయ్యాలనుకుంటున్నవన్నీ రాయండి, చిన్నాపెద్దా చూడకుండా. నా లిస్టు ఇలా వచ్చింది: ఇంటి లోన్ తొందరగా తీర్చడం, క్లౌడ్ సర్టిఫికేషన్, కిచెన్ రీమోడలింగ్, మావాడికి ఈత నేర్పడం, అమ్మని కాశీ తీసుకెళ్లడం, హిమాలయాల్లో ఏదైనా ఒక ట్రెక్, ఆగిపోయిన మృదంగం క్లాసులు, చిన్నప్పటి లెక్కల మాస్టార్ని కలవడం, ఇంకా ఓ పది.

వీటిని "ముఖ్యం, ముఖ్యం కాదు" అని విడగొట్టబోతే కూర్చున్నచోటే ఇరుక్కుంటారు, అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి, లేకపోతే లిస్టులో ఎందుకుంటాయి. నాకు దారి చూపించింది మా నాన్న కిరాణా కొట్టు. ఆయన పొద్దున్నే షాపు తియ్యగానే చేసే మొదటి పని బ్రెడ్డు, పాల ప్యాకెట్లు, బిస్కెట్లు అన్నిటి డేట్లు చూసి, దగ్గరపడ్డవి ముందు వరుసలోకి లాగడం. "కందిపప్పు ఎక్కడికీ పోదురా, ముందు బ్రెడ్డు సంగతి చూడు" అనేవాడు. కందిపప్పు బ్రెడ్డు కన్నా ఖరీదు, ఎక్కువ లాభం కూడా, అయినా అది వెనకే.

అదే లెక్కన లిస్టుని మూడు కాలమ్స్ చెయ్యండి. ఎప్పుడైనా చెయ్యగలిగేవి ఒకటి. మన ఒంట్లో ఓపిక ఉన్నంతవరకే చెయ్యగలిగేవి రెండు. ఇంకో మనిషి ఉన్నంతవరకే, లేదా ఆ మనిషి ఆ వయసులో ఉన్నంతవరకే చెయ్యగలిగేవి మూడు. నేను రాశాక చూసుకుంటే, రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే కిచెన్, సర్టిఫికేషన్ రెండూ ఎప్పుడైనా కాలమ్‌లో పడ్డాయి. ట్రెక్ రెండో దాంట్లో. ఈత, కాశీ, మాస్టారు మూడో దాంట్లో, ఈ మూడింటి గురించీ నేను ఒక్క రోజు కూడా టెన్షన్ పడింది లేదు, ఎందుకంటే వాటికి ఎవడూ మెయిల్ పెట్టడు, రిమైండర్ రాదు.

మూడో కాలమ్‌లో ఉన్నవాటికి ముందు తేదీ వెయ్యండి. "ఈ ఏడాది" అని రాస్తే తేదీ వేసినట్టు కాదు, రైలు టికెట్టు తీస్తే తేదీ వేసినట్టు. కాశీకి నేను ఫ్లైట్‌లో మూడ్రోజుల ప్యాకేజీ చూశా, అమ్మ ఒప్పుకోలేదు, వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలట. నాకు చిరాకొచ్చింది, తొమ్మిది రోజుల లీవ్ ఎక్కడ తేవాలి అని. అక్కడే తెలిసింది, వాళ్లకోసం చేసేదాన్ని మన వీలుకి కుదించేసి టిక్ పెట్టుకోవడం నాకు అలవాటైపోయిందని. తొమ్మిది రాత్రులూ ఉన్నాం. అందులో నాలుగు రోజులు ఆమె సత్రం వరండాలో మిగతా తెలుగువాళ్లతో కబుర్లు చెప్తూనే గడిపింది, నేను పక్కన కూర్చుని విన్నా, మా తాతగారి గురించి నాకు తెలియని సంగతులన్నీ ఆ వరండాలోనే బయటపడ్డాయి.

ఒక జాగ్రత్త. మొదటి కాలమ్‌ని చించి పారెయ్యొద్దు. ఈఎంఐ, టర్మ్ ఇన్సూరెన్స్, షుగర్ టెస్టులు, ఇవి కందిపప్పు లాంటివే కానీ కొట్లో కందిపప్పు లేకపోతే కొట్టే ఉండదు. డబ్బు ముఖ్యం కాదని స్టేజీ ఎక్కి చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, వాళ్లలో ఎవరూ ఈఎంఐ కడుతున్నట్టు కనపడరు.

ఇంకో జాగ్రత్త, ఇది నేను బోల్తా కొట్టిన చోటు. కాగితం చాలా గొప్పగా తయారుచేసి మా ఆవిడకి చూపించా, మొత్తం చదివి "నన్ను ఏ కాలమ్‌లో పెట్టావ్?" అంది. ఏ కాలమ్‌లోనూ లేదు. రోజూ కనిపించే మనిషి లెక్కలోకే రాదు, ఊరెళ్లే ట్రిప్పుల్లా ఎన్నిసార్లు అని లెక్కపెట్టలేం కదా. దీనికి నాకు పెద్ద ఉపాయమేం దొరకలేదు, పొద్దున కాఫీ టైమ్‌లో ఫోన్లు హాల్లో వదిలేసి ఇరవై నిమిషాలు బాల్కనీలో కూర్చుంటున్నాం, ఎక్కువగా పనిమనిషి గురించే మాట్లాడుకుంటాం, పర్లేదు.

మరి వీటన్నిటికీ టైమ్ ఎక్కణ్నుంచి తేవాలి. ఫోన్ సంగతి అందరికీ తెలిసిందే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే నాకు రోజుకి మూడు గంటలు చూపించింది, ఏడాదికి 1095 గంటలు, అంటే రాత్రీపగలూ కలిపి 45 రోజులు. అమ్మ దగ్గర ఏడాదికి ఎనిమిది రోజులు, ఫోన్ దగ్గర 45. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

మనవాళ్ల టైమ్‌ని అంతకన్నా ఎక్కువ తినేది మొహమాటం. కొలీగ్ గృహప్రవేశం, అపార్ట్‌మెంట్ కమిటీ, బావమరిది తోడల్లుడి కూతురి ఓణీల ఫంక్షన్, రిసెప్షన్‌లో గంట క్యూలో నిలబడి ఫొటోకి నవ్వి, గిఫ్ట్ కవర్ ఇచ్చి, ట్రాఫిక్‌లో ఇంటికి. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి పిలవకపోయినా వెళ్లడం, సంబరానికి మాత్రం నేను రాకపోతే నిజంగా వెతుక్కునేవాళ్ల ఇంటికే వెళ్లడం. మిగతావాళ్లకి ముందురోజే ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పెయ్యడం. "చూస్తాలే", "ట్రై చేస్తా" అనకండి, అవి మన భాషలో రానని చెప్పడమేనని అందరికీ తెలిసినా అవతలివాళ్లు ప్లేటు లెక్కలో కలుపుకుంటారు పాపం. "కుదరదు బావా, ఆ ఆదివారం అమ్మ దగ్గరికెళ్తున్నా" అని నేరుగా చెప్తే ఇప్పటిదాకా ఒక్కరూ తప్పుపట్టలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం పిలవడం మానేశారు, అదీ లాభమే.

ఇప్పటిదాకా చెప్పింది టైమ్ తక్కువుందని ఊహించుకునేవాళ్ల కోసం. నిజంగానే డాక్టర్ నెలల్లో చెప్పేస్తే పరిస్థితి వేరు. మా పెదనాన్నకి క్లోమంలో క్యాన్సర్, మూడు నాలుగు నెలలు అని డాక్టర్ రూమ్ బయట మాకు చెప్పారు. మేమంతా కలిసి ఆయనకి అల్సర్ అని చెప్పాం, మన ఇళ్లల్లో అందరూ చేసేదే, తట్టుకోలేడని. ఆయన ఆ నెలలన్నీ బోరుకి కొత్త మోటారు బేరం చేస్తూ గడిపాడు. గట్టు తగాదాలో ఇరవై ఏళ్లుగా మాటల్లేని స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, కబురు పెట్టమంటావా అంటే "లేచి తిరిగాక నేనే వెళ్తాలే" అన్నాడు. చివరి పది రోజుల్లో ఆయనకే అర్థమైపోయింది, అప్పటికి మాట పడిపోయింది. మేము ఆయన నుంచి దాచింది జబ్బొక్కటే అనుకున్నాం, ఏది ముందు చేసుకోవాలో తేల్చుకునే అవకాశం కూడా లాగేసుకున్నామని తర్వాత తెలిసింది.

పరీక్షిత్తు కథలో అందరూ శాపం గురించే మాట్లాడతారు, నాకు మాత్రం శమీకుడు నచ్చుతాడు. కొడుకు తొందరపడి శాపం పెట్టాడని బాధపడి, ఆ సంగతి రాజుకి చెప్పించాడు. ఏడు రోజులని తెలిసింది కాబట్టే రాజ్యం జనమేజయుడికి అప్పజెప్పి గంగ ఒడ్డుకెళ్లి కూర్చున్నాడు, తెలియకపోయుంటే ఆ వారం కూడా వేటకే పోయుండేవాడేమో. ఖట్వాంగుడనే ఇంకో రాజుకైతే మిగిలిన ఆయుష్షు ముహూర్తమే, అంటే 48 నిమిషాలు, మనం ఔటర్ రింగ్ రోడ్డు దిగి గచ్చిబౌలిలో ఆఫీసు చేరేంత సేపు.

కాబట్టి మీ ఇంట్లో అలాంటిది వస్తే, ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని "నాన్నా, రిపోర్టుల్లో ఏముందో నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడగండి. కొందరు మీరే చూసుకోండిరా అంటారు, అదీ వాళ్ల ఇష్టమే, గౌరవించాలి. తెలుసుకుంటానంటే చెప్పి, ఎవర్ని చూడాలనుంది, ఎక్కడ ఉండాలనుంది, ఏం తినాలనుంది అని అడగండి. నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ గురించి మొదట్లోనే డాక్టర్‌ని అడగాలి, చేతులెత్తేశాక చేసే పని కాదది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. నొప్పితో మెలికలు తిరిగే మనిషి ఏదీ ఎంచుకోలేడు.

కాగితాల పని కూడా అప్పుడే. వీలునామాకి స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. బ్యాంకు డిపాజిట్‌లో నామినీగా పేరుంటే డబ్బు చేతికొస్తుంది కానీ వారసుల హక్కు పోదు, ఇది తెలియక అన్నదమ్ములు కొట్టుకుంటారు. వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టుకోవచ్చు, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ధ్రువీకరణ ఉంటే చాలు. నాకు జబ్బేం లేదు, అయినా వీలునామా రాసిపెట్టా, గంటన్నర పట్టింది.

ఇక ఈ కాగితాన్ని పున్నమికోసారి బయటికి తియ్యండి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టే ఉంటుంది, వేరే యాప్ అక్కర్లేదు. ఓ పది నిమిషాలు, మూడో కాలమ్‌లో ఈ నెల ఏదైనా కదిలిందా చూసుకుంటే చాలు. నావి ఏడాదిలో ఐదు పున్నములు ఏమీ కదలకుండానే పోయాయి. మాస్టారి దగ్గరికి ఇంకా వెళ్లలేదు. మృదంగం మూల పడే ఉంది.

ఈ మే నెలలో మాత్రం నాలుగు రోజుల లీవ్ పెట్టి, మావాణ్ని వెంటేసుకుని ఊరెళ్లా. ఉప్పెంతమ్మా అంటే "చేతికి తెలుస్తుందిరా" అంటుంది ఎప్పుడూ, ఈసారి వంటింటి కాటా పట్టుకెళ్లి ఆమె గుప్పిట కింద పెట్టా. మొదటి గుప్పెడు 62 గ్రాములు, రెండోది 71. ఇదేంటమ్మా తేడా వచ్చిందంటే, ఆ కాయ కొంచెం పులుపెక్కువ అంది. రెండూ రాసుకున్నా.